సీలు వేసిన పొలం

మా బాబాయి విలువైన వస్తువు దేన్నీ వేళ్ళతో ముట్టుకోడు. ముట్టుకుంటే దాని బరువు మారుతుందంటాడు.

ముప్పై ఏళ్ళుగా ఆయన ఉద్యోగం తూకాలు సరిచూడటం. దుకాణాల్లో కాటాలూ గోదాముల్లో పెద్ద తూకం యంత్రాలూ నిజం చెబుతున్నాయో లేదో తేల్చి, సరిగ్గా ఉంటే సీలు వేస్తాడు, లేకపోతే పక్కన పెట్టిస్తాడు. ఆయన దగ్గర లోపల మెత్తటి గుడ్డ పరిచిన చెక్కపెట్టె ఒకటుంది. అందులో ఇత్తడి తూకపు రాళ్ళు గుంటల్లో వరసగా కూర్చుని ఉంటాయి. అవి అసలు రాళ్ళు. వాటితో ఎవరూ ఏదీ తూచకూడదు. వాడకానికి నకలు రాళ్ళు వేరే ఉంటాయి. నకలు రాయి అరిగిందేమో చూడటానికి మాత్రం అసలు రాయిని పటకారుతో పైకి తీసి, పని అవగానే మళ్ళీ గుంటలో పడుకోబెడతాడు. ఈ సంగతి ఆయన నాకు ఆరేళ్ళప్పుడు చెప్పాడు, పదేళ్ళప్పుడు చెప్పాడు, నా పెళ్ళిలో మా అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఆవిడకీ చెప్పాడు.

ఇలాంటి మనిషి ఇంట్లోకి కంప్యూటరు తెచ్చింది నేనే. మా ఆఫీసులో పాతవి తీసేస్తుంటే ఒకటి మోసుకొచ్చి, వాళ్ళ కూతురి పెళ్ళయ్యాక ఖాళీ అయిన గదిలో పెట్టాను. ఈ పాపంలో నా వాటా అంతవరకేనని ఇప్పటికీ అందరికీ చెప్పుకుంటుంటాను.

తెచ్చింది నిజానికి పిన్ని కోసం. పిన్ని బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగు సెక్షను. రోజంతా నిలబడే పని. సాయంత్రం ఇంటికొచ్చి, బకెట్లో గోరువెచ్చటి నీళ్ళు పోసుకుని, అందులో కాళ్ళు పెట్టి కూర్చుంటుంది. ఆ గంటసేపు కాలక్షేపానికి నేనొక పొలం ఆట ఎక్కించి ఇచ్చాను. ఆటలో మొదట ఒక బంజరు ముక్క, కూలిపోయిన పాక, ఒక గాడిద, దానికో బండి ఇస్తారు. ఆ తరవాత మన కష్టం మనది.

పిన్ని ఆ గాడిదకి మేనేజరు అని పేరు పెట్టింది.

"గేటు దగ్గర నిలబడి అందరి పనీ చూస్తుంటుంది. అదిలిస్తే తప్ప తనో అడుగు వెయ్యదు. అచ్చం మా ఆఫీసులో వాడే" అంది.

మొదటి వారమంతా బాబాయి ఆ గది వైపు రాలేదు. ఎనిమిదో రోజున టీ గ్లాసుతో వెనకాల నిలబడి పది నిమిషాలు చూశాడు. పిన్ని బండిలో ఐదు బస్తాల గుమ్మడికాయలు వేసింది. బాబాయి టీ తాగడం ఆపేశాడు.

"ఆ బండి కుంగలేదేం?" అన్నాడు.

"ఆటండీ."

"ఆటైతే మాత్రం? ఐదు బస్తాలు వేస్తే బండి కుంగాలా వద్దా? ఇది తప్పుడు తూకం."

ఆ రాత్రి ఆయనకి అన్నం సహించలేదని మర్నాడు పిన్ని ఫోన్ చేసి చెప్పింది. నేను నవ్వి, నోరు ఊరుకోక, మోడ్‌ల సంగతి ఎత్తాను. ఒక ఆటని తయారుచేసినవాళ్ళు ఒకలా ఇస్తారు. ఆడేవాళ్ళలో ఓపికా తెలివీ ఉన్నవాళ్ళు దానికి తమ సొంత అతుకులు తయారుచేసి నెట్‌లో అందరికీ ఊరికే పంచుతారు. కావలసినవాళ్ళు తెచ్చి తమ ఆటకి తగిలించుకుంటారు. ఆ అతుకునే మోడ్ అంటారు. వాన పెంచే మోడ్, ఇల్లు మార్చే మోడ్, పొరుగువాడికి మీసాలు పెట్టే మోడ్, ఇలా కోకొల్లలు. బరువుకి బండి కుంగే మోడ్ కూడా ఎవరో మహానుభావుడు తయారుచేసి పెట్టాడు. ప్రపంచంలో బాబాయి లాంటివాడు ఇంకొకడున్నాడన్నమాట.

ఆదివారం నేను దగ్గరుండి అది ఎలా తగిలించాలో చూపించాను. ఐదు బస్తాలకి బండి ఇరుసు వంగి కిర్రుమంది. బాబాయి కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. కూతురి పెళ్ళిలో కూడా ఆయన మొహంలో అంత తృప్తి నేను చూడలేదు.

అక్కడితో ఆగితే ఆయన బాబాయి ఎందుకవుతాడు. ఆఫీసు నుంచి గళ్ళ నోట్‌బుక్ ఒకటి తెచ్చాడు. తేదీ, మోడ్ పేరు, చేసినవారు, దేనికి ముందు, దేనికి తరవాత, ఫలితం అని గళ్ళకి పేర్లు పెట్టాడు. ఫలితం గడిలో రెండే మాటలు: సరి, తిరస్కరణ. రోజుకి ఒక్క మోడ్. రెండు కలిపి పెడితే తప్పు ఎవరిదో తెలియదంటాడు. మోడ్‌లకి వరస చాలా ముఖ్యం. రెండు మోడ్‌లు ఒకే వస్తువు మీద చెయ్యి వేశాయంటే, చివర వచ్చినదాని మాటే చెల్లుతుంది. అందుకని ఆయన వాటిని పెళ్ళి పందిట్లో చుట్టాలని కూర్చోబెట్టినట్టు, ఎవరి పక్కన ఎవరు పడరో చూసి మరీ కూర్చోబెట్టేవాడు.

ఎంచుకోవడంలో ఆయన పద్ధతి ఆయనది. రెక్కల గుర్రం, బంగారు ఇల్లు లాంటివి వచ్చాయా, పేరు చదవగానే తిరస్కరణ. ఒక మోడ్ మీద నాలుగొందల మంది అభిప్రాయాలు రాస్తే నాలుగొందలూ చదివేవాడు. వాన పడితే బురదవడం, బురదలో నడక నెమ్మదించడం, ఎండాకాలం బావిలో నీళ్ళు దిగడం లాంటివి చూస్తే మాత్రం ప్రాణం లేచొచ్చేది. పిన్ని అంతవరకూ పొడినేల మీద హాయిగా వ్యవసాయం చేసుకుంటోంది. ఇప్పుడు ఆటలో కూడా కాళ్ళు ఈడ్చుకుంటూ నడవాల్సి వచ్చింది.

తప్పులు జరగలేదా అంటే జరిగాయి. ఒకసారి వరస తిరగబడి కోళ్ళన్నీ ఆవులంత అయ్యాయి.

"ఏమండీ, కోళ్ళు గేటులో పట్టడం లేదు" అని పిన్ని కేకేసింది.

ఆయన వచ్చి చూసి, నోట్‌బుక్ తెరిచి, "కోడి: బరువు అధికం. తిరస్కరణ" అని రాసుకుని వెళ్ళాడు. నవ్వలేదు.

ఇంత చేసీ ఆయన ఆ ఆట ఒక్కనాడూ ఆడలేదు. ఎందుకని అడిగితే, "తూకాలు పరీక్షించేవాడు దుకాణం పెట్టకూడదమ్మాయ్" అన్నాడు. పిన్ని మోడ్ పెట్టలేదు, బాబాయి ఆట ఆడలేదు. ఆయన మోడ్ తగిలించే అరగంటా పిన్ని బకెట్టుతో సహా కుర్చీ పక్కకి జరిపేది.

రెండేళ్ళలో మోడ్‌లు నూట నలభై మూడయ్యాయి. పిన్ని పొలం కూడా పెరిగింది. బంజరు ముక్క పోయి అరవై నారింజ చెట్ల తోట వచ్చింది, పాక పోయి రాతి ఇల్లు వచ్చింది, వాగు మీద వంతెన వచ్చింది. ఆ వంతెనకి ఒక వానాకాలమంతా పట్టింది, బాబాయి బురద మోడ్ పుణ్యమా అని. ప్యాకింగు సెక్షను ఆడవాళ్ళకి మధ్యాహ్నం భోజనాల దగ్గర ఈ పొలం కబుర్లే. తోటకి పురుగు పడితే వాళ్ళు సలహాలిచ్చేవారు.

ఇక గాడిద సంగతి. నూట పదకొండో నంబరు మోడ్ పేరు 'జీవాలకు వయసు'. ఆటలో జంతువులకి వయసు పెరగదు, బాబాయికి అది నచ్చలేదు. తగిలించాడు, పని చేసింది, 'సరి' అని రాసుకున్నాడు, పిన్నికి చెప్పలేదు. కొన్నాళ్ళకి మేనేజరు నడక మందగించింది. కంప్యూటరు నెమ్మదించిందేమో అనుకుంది పిన్ని. తరవాత ఒక సాయంత్రం గేటు దగ్గర గాడిద లేదు. తెర మీద ఒక్క ముక్క వచ్చింది: మీ గాడిద వృద్ధాప్యంతో మరణించింది.

పిన్ని బకెట్లోంచి కాళ్ళు తీసి, తడి కాళ్ళతో వంటింట్లోకి నడిచి వెళ్ళింది.

"మేనేజరు పోయాడు. మీరేమైనా పెట్టారా?" అంది.

బాబాయి అబద్ధం చెప్పలేడు, అది ఆయన ఉద్యోగానికే విరుద్ధం. పెట్టానన్నాడు. తీసెయ్యమంది పిన్ని. ఆట మధ్యలో అలాంటి మోడ్ తీస్తే మొత్తం పొలమే తెరుచుకోదని, తీసినా పోయింది తిరిగి రాదని ఆయన వివరించాడు. వివరించకుండా ఉండాల్సింది. నాలుగు రోజులు ఆ ఇంట్లో ఉలుకూ పలుకూ లేదు. ప్యాకింగు సెక్షనులో ఆడవాళ్ళు పిన్నిని ఓదార్చారట. గాడిద కోసం ఏడవడం నామోషీ అనుకుని పిన్ని నా దగ్గర మాత్రం ఏడ్చింది. నాకు నవ్వొస్తుందనుకున్నాను, రాలేదు.

తరవాత ఆవిడ మళ్ళీ కూర్చుంది. ఎంతైనా తోట ఉంది, వంతెన ఉంది. ఎనిమిది నెలలు గడిచాయి. ఒక ఆదివారం ప్యాకింగు సెక్షను నుంచి నలుగురు ఆ పొలాన్ని కళ్ళారా చూడటానికి వస్తామన్నారు. పిన్ని వారం ముందు నుంచీ ఆటలో చెట్ల కింద ఆకులు ఊడుస్తూ కూర్చుంది. రెండేళ్ళు నోటితో చెప్పిందంతా ఇప్పుడు చూపించాలి కదా.

శనివారం ఆట తయారుచేసినవాళ్ళు కొత్త మార్పులేవో పంపించారు. కంప్యూటరు ఎవరినీ అడక్కుండా వాటిని ఎక్కించేసుకుంది. ఆట మారిపోయింది, పాత మోడ్‌లకి అది పొసగలేదు. పిన్ని పొలం తెరిస్తే నల్లటి తెర తప్ప ఏమీ రాలేదు.

పిన్ని మొహం పాలిపోయింది. నేనూ అక్కడే ఉన్నాను, రెండుసార్లు మూసి తెరిచి చూశాను. బాబాయి ఒక్కడే చిరునవ్వుతో ఉన్నాడు.

"కంగారు పడకు. అసలు నా దగ్గర భద్రంగా ఉంది" అన్నాడు. "రేపు వాళ్ళ ముందే తెరుస్తాను."

అప్పుడే అడగాల్సింది నేను, అసలంటే ఏమిటని. ఆయన నిబ్బరం చూసి అడగలేదు.

ఆదివారం నలుగురు ఆడవాళ్ళూ వచ్చారు. వాళ్ళలో అందరికన్నా పెద్దావిణ్ణి అందరూ సూపర్‌వైజరక్క అంటారు. కుర్చీలు చాలక ఇద్దరు మంచం మీద కూర్చున్నారు. బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, 'అసలు' అని పేరు పెట్టి తాళం వేసిన ఫోల్డరు తెరిచి, అందులోది తీసి ఆటలో పాతదాని స్థానంలో పెట్టాడు. మోడ్‌లన్నీ పక్కన పెట్టేశాడు. ఆట తెరుచుకుంది.

బంజరు ముక్క. కూలిపోయిన పాక.

పిన్ని తెర దగ్గరికి వంగి చూసింది.

"నా ఇల్లేదండీ?"

"ఇదే అసలు" అన్నాడు బాబాయి. ఆయన గొంతులో ఇంకా ధైర్యం ఉంది.

"నా తోటేది? వంతెనేది?"

నాకు అప్పుడర్థమైంది. ఆట ఆడినప్పుడల్లా మన పొలం ఎంతవరకు వచ్చిందో ఒక ఫైలుగా దాచుకుంటుంది. బాబాయి మొదటి మోడ్ పెట్టే ముందే, పద్ధతి ప్రకారం, ఆ ఫైలుని కాపీ తీసి సీలు వేసి భద్రపరిచాడు. అది అసలు. పిన్ని రోజూ ఆడేది నకలు. రెండేళ్ళుగా ఆవిడ నకలు మీద వంతెన కడుతోంది, అసలేమో పెట్టెలో రెండో వారం దగ్గరే కదలకుండా కూర్చుంది. రాయికైతే కదలకపోవడమే గొప్ప.

"బాబాయ్, మధ్యలో వారానికోసారైనా కాపీ తియ్యలేదా?" అన్నాను.

"నకలుకి నకలా? అసలు ఉండగా నకలుకి నకలు ఎవరైనా తీస్తారా?" అన్నాడు. అంటూనే ఆయనకీ వెలిగింది. చొక్కా కాలరు సర్దుకుంటూ గోడకి ఆనుకున్నాడు.

పిన్ని ఏమంటుందోనని అందరం ఆవిడ వైపు చూశాం. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కోపానివో అవమానానివో తెలియదు. ఈలోగా తెరలోంచి ఓండ్ర వినిపించింది. గేటు దగ్గర గాడిద, ఒక చెవి వాల్చి, అందరినీ చూస్తూ నిలబడి ఉంది.

"ఇదే కదూ మీ మేనేజరు?" అంది సూపర్‌వైజరక్క. "పోయాడన్నావు కదే?"

"పోయాడక్కా" అంది పిన్ని. కళ్ళు తుడుచుకుని, "ఇప్పుడే వచ్చాడు" అంది.

నలుగురూ తెర చుట్టూ మూగారు. నిలబడే తీరు, వాల్చిన చెవి, అంతా ఆఫీసులో మనిషే అని తేల్చారు. చూడ్డానికి వచ్చింది తోటని, చూసింది గాడిదని. గంటసేపు నవ్వి, టీ తాగి వెళ్ళిపోయారు. పిన్ని వాళ్ళని గుమ్మం దాకా సాగనంపి వచ్చి, బాబాయితో ఒక్క మాట మాట్లాడకుండా తలుపు వేసుకుంది.

మంగళవారం మధ్యాహ్నం బాబాయి మా ఆఫీసుకి వచ్చాడు. చేతిలో గళ్ళ నోట్‌బుక్, మధ్యలో ఒక కాగితం. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఇక్కడ సాక్షి సంతకం పెట్టమ్మాయ్" అన్నాడు.

చదివాను. 'పాడైన నకలు ఒకటి, రెండేళ్ళ పొలం, నాశనం చేయుటకు అనుమతి.' వాళ్ళ ఆఫీసులో తిరస్కరించిన రాయిని ఇష్టం వచ్చినట్టు పారెయ్యకూడదట. ఇద్దరు సంతకం పెడితే గానీ కరిగించరు. అంతవరకూ విడిగా దాచి ఉంచుతారు.

"అంటే అది ఇంకా ఉందా?"

"తిరస్కరణ ఫోల్డరులో ఉంది. సంతకం లేకుండా ఎలా తీసేస్తాను?"

నాకు ఆయన్ని కొట్టాలనీ అనిపించింది, కావలించుకోవాలనీ అనిపించింది. ఆ ఫైలు పాడవలేదని, కొత్త ఆటకి తగ్గట్టు మోడ్‌లు చేసినవాళ్ళు తమ మోడ్‌లు సవరించేదాకా ఆగితే అది తెరుచుకుంటుందని చెప్పాను. ఆయన కుర్చీలో కూలబడి మంచినీళ్ళు అడిగాడు.

ప్యూను నీళ్ళు తెచ్చేలోగా నోట్‌బుక్ పేజీలు తిరగేశాను. నూట పదకొండో నంబరు దగ్గర ఫలితం గడిలో 'సరి' అన్న మాట కొట్టేసి ఉంది. పక్కన 'తప్పు' అని రాసి, కింద పూర్తి సంతకం, తేదీ. ఆ నోట్‌బుక్‌లో అలాంటి మాట ఇంకెక్కడా లేదు. తేదీ చూస్తే గాడిద పోయిన మర్నాడు. ఎనిమిది నెలలుగా ఆ మాట రాసి పెట్టుకుని, పెళ్ళానికి మాత్రం చెప్పలేకపోయాడు మహానుభావుడు.

ఆ సాయంత్రం పిన్నికి ఫోన్ చేసి ఫైలు సంగతి చెప్పాను, కొట్టేసిన మాట సంగతీ చెప్పాను. "ఆ మాట నోటితో చెబితే ఆయన సొమ్మేం పోయింది" అని పెట్టేసింది.

మోడ్‌లన్నీ సవరణలతో రావడానికి పది రోజులు పట్టింది. బాబాయి ఒక్కొక్కటీ వరసలో కూర్చోబెట్టాడు. పదకొండో రోజు నేను వెళ్ళేసరికి తెర మీద అరవై నారింజ చెట్లు, రాతి ఇల్లు, వంతెన. ఆకులు కూడా ఊడ్చినవి ఊడ్చినట్టే ఉన్నాయి. ఆయన పక్కకి తప్పుకుని పిన్నికి కుర్చీ చూపించాడు.

పిన్ని కూర్చోలేదు. నిలబడే ఇల్లంతా చూసింది, వంతెన మీద ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచింది. తరవాత గేటు దగ్గరికొచ్చి ఆగింది. అక్కడ ఎవరూ లేరు.

"చాలా బాగుంది" అంది. "దీన్ని మీ పెట్టెలో పెట్టి సీలు వెయ్యండి."

"మరి నువ్వు?"

"నేను పాక దగ్గరే ఉంటాను. ఈ పది రోజుల్లో గుమ్మడి విత్తనాలు వేశాను, మొలకొచ్చాయి."

"అందులో మోడ్‌లేవీ లేవు. ఒక్కటీ లేదు" అన్నాడు బాబాయి బెదురుగా.

"ఒకటి పెట్టండి. నేనే ఎంచాను."

పిన్ని తన జీవితంలో మొదటిసారి ఒక మోడ్ ఎంచుకుంది. నాలుగొందల అభిప్రాయాలు చదవలేదు, పేరు చూసి చాలనుకుంది. ఒకే పొలంలో ఇద్దరు మనుషులు పని చేసే మోడ్. రెండో మనిషికి చేత్తో పట్టుకుని ఆడే కంట్రోలరు ఒకటి కావాలని ముందే నాతో తెప్పించుకుంది.

బాబాయి మొదట దాన్ని రుమాలుతో పట్టుకున్నాడు. పిన్ని చూసిన చూపుకి రుమాలు జేబులో పెట్టుకున్నాడు. నూట నలభై మూడు మోడ్‌లు వరసలో నిలబెట్టిన మనిషికి నాలుగడుగులు నడవడం రాలేదు. రెండుసార్లు వాగులో పడ్డాడు. గేటు తెరవబోయి గాడిదని తన్నాడు.

"చూసుకోండి" అంది పిన్ని. పది రోజుల తరవాత ఆయనతో నవ్వుతూ అన్న మొదటి మాట అది.

గుమ్మడికాయలు కోతకొచ్చిన ఆదివారం నేను మళ్ళీ వెళ్ళాను. గదిలో రెండు కుర్చీలు, కింద రెండు బకెట్లు. బాబాయి బస్తాలు మోసుకొచ్చి బండిలో వేస్తున్నాడు. ఒకటి, రెండు, ఐదు. ఐదో బస్తా వేసి ఆగాడు. బండి కేసి వంగి చూశాడు.

"బండి కుంగడం లేదు" అన్నాడు మెల్లగా.

"అవునండీ" అంది పిన్ని. "వాడి నడుముకి మంచిదే."

బాబాయి గాడిద వైపు చూశాడు. తరవాత వెళ్ళి ఇంకో బస్తా తెచ్చి వేశాడు.